సిక్‌లైన్ ఎల్లస్వామి

"చెయ్యకుండ ఉన్నందుకు పైసలిస్తవా?" అని ఎల్లస్వామి రెండోసారి అడిగాడు.

"అవ్. నెలకు మూడొందలు," అన్నాడు రామ్‌చందర్ సేటు, గ్లాసులో చాయ్ ఊదుకుంటూ. "నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు. చెయ్యకుండ ఉండుడే నీ పని."

ఎల్లస్వామి భార్య వైపు చూశాడు. సోమమ్మ మనసు అప్పటికే మూడొందల దగ్గర ఆగిపోయింది. నెలంతా ఒళ్లు వంచితే వచ్చే జీతంలో మూడో వంతు, ఒళ్లు వంచకుండా ఉంటే వస్తుందట. లోకంలో ఇలాంటి నౌకరీ ఒకటుందని ఆ దంపతులకు ఆ సోమవారం పొద్దునే తెలిసింది.

ఎల్లస్వామి భద్రాచలం రోడ్డు స్టేషన్ యార్డులో ఖలాసీ. పేరుకు భద్రాచలం రోడ్డు గానీ, దిగి చూస్తే అది కొత్తగూడెం. రాముడు ఇంకా పాతిక మైళ్ల అవతల, గోదావరి దాటాక గానీ దొరకడు. పేరు విని ఒకటనుకుని దిగి ఇంకొకటి చూడటం ఆ స్టేషన్‌కు కొత్తేమీ కాదు. గనుల నుంచి బొగ్గు మోసే డబ్బాలన్నీ ఆ యార్డు మీదుగానే పోతాయి. బండి వచ్చి ఆగగానే ఎగ్జామినర్ సారు పొడుగు కామ సుత్తితో చక్రానికొక దెబ్బ వేసుకుంటూ నడుస్తాడు. మంచి చక్రం గణగణమంటుంది, పగిలిన చక్రం బొంగురుపోతుంది. బొంగురుపోయిన డబ్బా మీద, స్ప్రింగు విరిగిన డబ్బా మీద, తలుపు ఊడిన డబ్బా మీద చాక్‌పీసుతో ఇంటూ గుర్తు పెట్టి, పక్కన 'సిక్' అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాస్తాడు. అలాంటి డబ్బాలను విడదీసి పక్క పట్టాల మీదికి నెట్టి బాగుచేస్తారు. ఆ పట్టాల పేరు సిక్‌లైను. ఎల్లస్వామి పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉన్నాడు. "మీ ఆయన ఏడే?" అని ఎవరైనా అడిగితే సోమమ్మ అన్నం గిన్నె సర్దుకుంటూ "సిక్‌ల ఉన్నడు" అంటుంది. ఆ మాటకు ఆ వాడలో ఎవరూ అయ్యో అనరు.

పొద్దంతా ఇనుప డబ్బాలతో కుస్తీ పట్టింది చాలదన్నట్టు, ఇంటికొచ్చాక ఎల్లస్వామి వాటికే చెక్కతో బొమ్మలు చేస్తాడు. జానెడు పొడుగు, బెత్తెడు ఎత్తు. తుక్కు కింద పోయిన గార్డు డబ్బా నేలపలకల టేకు, దర్జీ దగ్గర అడుక్కొచ్చిన దారపు కండెల ముక్కలతో చక్రాలు, డాల్డా డబ్బా రేకును సన్నగా కత్తిరించి పేర్చిన స్ప్రింగులు. ఏ డబ్బా పడితే ఆ డబ్బాను చేయడు. తన చేతి కిందికి వచ్చినదాన్నే, ఆ నంబరుతోనే, ఆ లోపంతోనే చేస్తాడు. తలుపు వంగి ఉంటే బొమ్మకూ వంగి ఉంటుంది. అంకెలు తెలుసు, ఇంగ్లీషు అక్షరాలు తెలియవు. అందుకని వాటిని బొమ్మలు దింపినట్టు దింపుతాడు. చాక్‌పీసు రాత ఉంది కదా, దాన్నీ తెల్లరంగుతో దింపుతాడు. ఉన్నది ఉన్నట్టు ఉండకపోతే ఆయనకు అన్నం సయించదు.

మొదట్లో వాటిని వాడలోని పిల్లలు తాడు కట్టి ఈడ్చుకుని తిరిగేవారు. సికింద్రాబాదులో పాత గడియారాలు, గ్రామఫోన్లు అమ్మే రామ్‌చందర్ సేటు ఒకసారి రైల్వే తుక్కు వేలానికి వచ్చి, మట్టిలో దొర్లుతున్న ఒక బొమ్మను చూశాడు. ఆరు రూపాయలిచ్చి పట్టుకుపోయాడు. మరుసటి ఏడు పదిహేను ఇచ్చాడు. నిరుడు యాభై ఇచ్చాడు. చెక్క అదే, చెయ్యి అదే, రేటు మాత్రం ఎందుకు పెరుగుతోందో ఎల్లస్వామికి అంతుబట్టలేదు. ఇప్పుడు అసలు చేయకపోతే మూడొందలట!

"సేటూ, ఒక్క మాట చెప్పు. కొనుక్కపోయినోళ్లు దాన్ని ఏం జేస్తరు?"

"అద్దాల బీరువాల పెడ్తరు."

"పెట్టి?"

"చూస్తరు."

"చూసి?"

సేటుకు విసుగొచ్చింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? మార్కెట్ల సరుకు తక్కువుంటే రేటు పెరుగుతది. నువ్వు ఆపితే ఇంకా పెరుగుతది. ఇగ ఇంకో మాట. హైదరాబాద్ నుంచి ఎవరన్న వచ్చి నిన్ను అడిగితే కనపడకు. లోపలికి పో."

"నేనేం దొంగతనం జేసిన్నా?"

"నాజూకు యాపారం. నీకు సమజ్ కాదు," అని సేటు మూడు నోట్లు పీట మీద పెట్టి, పదకొండింటి బండికి లేచాడు. అడ్డం చెప్పే వ్యవధి ఇవ్వకుండా లేవడం కూడా ఆయన వ్యాపారంలో భాగమే.

సోమమ్మ నోట్లను బియ్యం డబ్బాలో దాచింది. ఉలి, బాడిసె, రంద, ఆకురాయి, కుంచెలు అన్నీ ఒక గోనెసంచిలో వేసి మూతి కట్టి సజ్జ మీదికి ఎక్కించింది. "ఆర్నెల్లు ఓపిక పట్టు. కుట్టుమిషన్ కొనుక్కుంట. నీ కండ్లు కూడ చల్లగుంటయి," అంది. ఎల్లస్వామి సరేనన్నాడు. పెళ్లానికి సరే అనడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

*

సరే అనడం నోటి పని. చేతులకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, ఇక ఏం చేయాలో తెలియక కూర్చున్నాడు. రోజూ ఆ వేళకు చెక్కపొట్టు వాసనతో నిండే అరుగు శుభ్రంగా, ఎవరిదో అరుగులా ఉంది. గోడ మీద బల్లిని చూశాడు. పక్కింటి రేడియోలో ధరవరలు విన్నాడు. గోళ్లు తీసుకున్నాడు. అంతా అయ్యేసరికి ఇంకా చీకటి కూడా పడలేదు.

"ఊకె కూసున్నవు గద, గా సొరకాయ కొయ్యి," అని సోమమ్మ కత్తిపీట ముందు పెట్టింది.

కాసేపటికి గిన్నె తీసుకుపోదామని వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. గిన్నెలో ఒక్క ముక్కా లేదు. కత్తిపీట పక్కన, పీట మీద, పచ్చటి బొగ్గు డబ్బా నిలబడి ఉంది. నాలుగు పక్కలా గోడలు, మధ్యలో తలుపు, కింద గుండ్రంగా చెక్కిన నాలుగు చక్రాలు. గుజ్జంతా తోడి లోపల ఖాళీ కూడా చేశాడు.

"ఇదేందయ్యా?"

ఎల్లస్వామి తానే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నేను ముక్కలే కోస్తున్ననే," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. సోమమ్మ ఆ డబ్బాను నాలుగు ముక్కలు చేసి పులుసులో వేసింది. తినేటప్పుడు ఎల్లస్వామి పళ్లెంలోకి ఒక చక్రం వచ్చింది. దాన్ని నోట్లో పెట్టుకోవడానికి ఆయనకు కొంచెం బాధేసింది.

బుధవారం నాడు సిక్‌లైనులోకి 51873 వచ్చింది.

అది నాలుగు చక్రాల పాత డబ్బా. అప్పటికి రెండు మూడేళ్లుగా ఎనిమిది చక్రాల పెద్ద డబ్బాలు దిగి, పాతవాటిని ఒక్కొక్కటే ఏరేస్తున్నారు. ఇది ఎన్నో యార్డుల నీళ్లు తాగి వచ్చిన ఘటం. ఎడమపక్క గోడకు ఎవరో ఎక్కడో అతుకు వేశారు. వేసినవాడి దగ్గర సరైన రివిట్లు లేవు కాబోలు, నాలుగింట్లో రెండు పెద్దవి, రెండు చిన్నవి. ఒక తలుపు గొళ్లెం పోతే గొడుగు కామ లాంటి వంకర కడ్డీ దూర్చారు. ఎగ్జామినర్ సారు దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, చక్రం మీద ఒక్క దెబ్బ వేసి, పెదవి విరిచాడు. బాగుచేసేది లేదు. వచ్చే సోమవారం గ్యాసుతో కోసేస్తారు.

ఎల్లస్వామి అన్నం తినే విరామంలో అతుకును వేళ్లతో తడిమి చూశాడు. చిన్న రివిట్లకు గుండుసూది తలలు సరిపోతాయి, పెద్దవాటికి టిచ్ బటన్లు కావాలి. జానతో పొడుగు కొలిచాడు. కొలిచాక గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తోటి ఖలాసీ భద్రు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. బూర్గంపాడు దారిలోని తండా మనిషి, ఎల్లస్వామి కంటే పదేళ్లు చిన్న. నోరు మాత్రం పదేళ్లు పెద్ద.

"ఏందన్నా, అంగికి కొలత తీస్తున్నవా?"

"ఊకోరా. ఎవడేసిండో గాని అతుకు, చూడు. రెండు పెద్దయి, రెండు చిన్నయి. వానికి ఆ పూట ఏం తిప్పలొచ్చిందో."

"సోమవారం కోసేస్తరు. నీకేం పని దానితోని? సేటు నీకు పెన్షనిస్తుండు గద!"

ఎల్లస్వామి మళ్లీ అతుకు వైపే చూశాడు. ఆ డబ్బా పోతే పోతుంది, ఇనుము కదా. కానీ దాని అతుకు ఇలా ఉండేదని చెప్పేది ఒక్కటీ మిగలదు. తను చేస్తే మిగులుతుంది, చేయకపోతే మిగలదు. చేయకపోతేనేమో మూడొందలు. గురువారం రెండుసార్లు పని మీద, మూడుసార్లు పని లేకుండా దాని ముందు నుంచి నడిచాడు. లోపల ఏదో పోగొట్టుకుంటున్నట్టే ఉంది.

*

శుక్రవారం పదిన్నరకు ఎల్లస్వామి జాకీల మీద లేపిన ఒక పెద్ద డబ్బా కింద వెల్లకిలా పడుకుని స్ప్రింగు బిగిస్తున్నాడు. కంకర మీద అడుగుల చప్పుడు, భద్రు గొంతు, దానితోపాటు ఎవరో ఆడమనిషి గొంతు వినిపించాయి.

"ఆయన ఎన్నాళ్లుగా సిక్?" అని ఆమె అడుగుతోంది.

"ఎల్లన్ననా? పద్దెనిమిదేండ్లాయె మేడం. నేను రాకముందు సంది సిక్‌లనే ఉన్నడు."

"అయ్యో! పద్దెనిమిదేళ్లే!"

"ఇంకో పదేండ్లు ఉంటడు. రిటైరయ్యేదాంక ఏడికి పోతడు?"

"మరి డాక్టర్లు ఏమంటున్నారు?"

"డాక్టర్లు ఈడికెందుకొస్తరు మేడం? మా ఎగ్జామినర్ సారే చూస్తడు. సుత్తితోని కొట్టి చూస్తడు."

"సుత్తితోనా?"

"అవ్. చప్పుడు బట్టి చెప్పేస్తడు, బాగైతదా, తుక్కుకు పంపాల్నా అని."

"ఇప్పుడు... లేచి కూర్చోగలుగుతున్నారా?"

"ఇప్పుడే జాకీ పెట్టి లేపినం. అగో, గా కాళ్లు ఎల్లన్నయే."

ఏదో కింద పడిన చప్పుడైంది. ఎల్లస్వామి తల తిప్పి చూసేసరికి ఆకుపచ్చ బత్తాయిలు కంకర మీద దొర్లుకుంటూ డబ్బా కిందికి వచ్చాయి. ఒకటి ఆయన భుజం దగ్గర ఆగింది. దాన్ని చేత్తో పట్టుకుని బయటికి పాక్కుంటూ వచ్చాడు. ముఖమంతా మడ్డినూనె, జుట్టు నిండా బొగ్గు, చేతిలో బత్తాయి.

ఎదురుగా నలభై ఏళ్ల మనిషి, నేత చీర, కళ్లద్దాలు. ఒక చేతిలో ఖాళీ అయిన వైరుబుట్ట, అందులో మిగిలిన హార్లిక్స్ సీసా. చంకలో బట్టసంచిని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఎల్లస్వామి గారంటే..."

"నేనేనమ్మా."

"మీరు బాగానే ఉన్నారా?"

"మంచిగనే ఉన్ననమ్మా. నాకేమైంది?"

అప్పుడు ఎల్లస్వామి ఆమె ముఖం చూశాడు. తరువాత చాలాసార్లు ఆ ముఖాన్ని గుర్తు చేసుకున్నాడు. ముందు దాని మీద హమ్మయ్య అన్నట్టు ఒక వెలుగు వచ్చింది, ఆ మాటకు అనుమానమే లేదు. కానీ దాని వెంటనే ఇంకొకటి వచ్చింది. పెళ్లి సంబంధం తప్పిపోయిందని విన్నవాళ్ల ముఖంలా, కాస్త జారిపోయింది. తను బాగున్నాడని ఒక మంచి మనిషి దిగులుపడటం ఎల్లస్వామి అంతకుముందు ఎన్నడూ చూడలేదు. కోపం రాలేదు. ఎందుకా అనిపించింది.

స్లీపర్ చెక్కల దొంతర మీద ఆమెను కూర్చోబెట్టారు. పేరు నిర్మలాదేవి, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం. పుట్టింది మధిరలో, రైలు పట్టాల పక్క ఇంట్లో. చిన్నప్పుడు గూడ్సు వస్తే డబ్బాలు లెక్కపెట్టేదట. లెక్క ఎప్పుడూ చివరిదాకా సాగేది కాదట, మధ్యలో వాళ్లమ్మ పిలిచేదట. ఎల్లస్వామి చేసినవి తన దగ్గర నాలుగున్నాయని చెప్పింది. మొదటిది ఎనభైకి కొన్నది. రెండోది రెండొందల యాభై. మూడోది తొమ్మిది వందలు. మొన్న సంక్రాంతి ముందు నాలుగోది పద్నాలుగు వందలు.

భద్రు నోరు తెరిచాడు. ఎల్లస్వామికి ఆ అంకె చెవి దాకా వచ్చింది గానీ లోపలికి దిగలేదు. "ఎందుకమ్మా గంత?" అన్నాడు.

ఆమె తల దించుకుంది. "చేసే ఆయన మంచం పట్టాడు, చెయ్యి లేవడం లేదు, ఇదే ఆఖరిది అన్నారు సేటు. ప్రతిసారీ ఇదే ఆఖరిది అన్నారు. మీరు ప్రతి బొమ్మ మీదా 'సిక్' అని రాసుకుంటున్నారని కూడా చూపించారు. అది చదివి నేను ఏడ్చాను కూడా."

"గది నేను రాసుకున్నది కాదమ్మా. డబ్బా మీద ఉంటే దింపిన."

"ఓహో!" అన్నాడు భద్రు, అరచేత్తో నుదురు కొట్టుకుని. "రెండేండ్ల కింద ఒక కండ్లద్దాలాయన పట్నం నుంచి వచ్చి, బొమ్మలు చేసేటాయన ఏడున్నడని అడిగిండన్నా. సిక్‌ల ఉన్నడని చెప్పిన. అయ్యో పాపం అని అట్లనే వెనక్కి బండెక్కిపోయిండు. ఎందుకు పాపమన్నడో నాకప్పుడు సమజ్ కాలే. నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

చెప్పలేదు. సేటూ మొదట చెప్పి ఉండడు. ఆ కళ్లద్దాలాయన నోట పట్నంలో పుట్టిన మాటను కాదనకుండా ఊరుకుని, దాని పాలు పిండుకున్నాడు. ఏడాదికేడాది రేటు ఎందుకు పెరిగిందో ఎల్లస్వామికి ఇన్నాళ్లకు అర్థమైంది. తన చేతిపనికి కాదు పెరిగింది, తన చావు దగ్గరపడుతున్న కొద్దీ పెరిగింది.

"ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే అంటరు," అన్నాడు భద్రు. "నీకైతే సస్తేనే వెయ్యి అన్నా."

నిర్మలాదేవి ఆ మాటకు ముఖం పక్కకు తిప్పుకుంది. బట్టసంచి విప్పి, తువ్వాలు మడతలు తీసి నాలుగో బొమ్మను బయట పెట్టింది. మీ చేతి సంతకం పెట్టించుకుందామని తెచ్చాను అంది. ఎల్లస్వామి ఒళ్లో పెట్టుకుని చూశాడు. తన బొమ్మే. ఒక మూల బఫరు వదులైంది. డబ్బాకు డబ్బా తగిలినప్పుడు దెబ్బ కాచుకునే ఆ గుండ్రటి ముక్క గాలికి ఊగుతోంది.

"అయిదు నిమిషాల పని. బిగిస్త," అని జేబులో తీగముక్క కోసం వెతికాడు.

"వద్దండీ! ముట్టుకోకండి!"

ఆమె గబుక్కున బొమ్మను లాక్కుంది. "బాగుచేయిస్తే రేటు పోతుందట. ఎవరి చేతా చేయించొద్దన్నారు."

"చేసింది నేనే గదమ్మా."

"మీ చేతా వద్దన్నారు."

ఎల్లస్వామి చేతులు ఒళ్లో ఖాళీగా ఉండిపోయాయి. ఆయన మనసు చివుక్కుమంది. మంచం పట్టావన్నా అంత బాధ లేదు, తన బొమ్మను తననే ముట్టుకోవద్దనడం గుచ్చుకుంది. ఆమె కూడా అది గమనించింది. "మీరు... ఇంకా చేస్తారా?" అని అడిగింది. ఆ అడగడంలో భయం ఉంది. చేస్తానంటే ఆమె బీరువాలోని నాలుగు బొమ్మల రేటు ఈ పూటతో పడిపోతుంది. చేయనంటే ఎల్లస్వామికి మూడొందలు, ఆమెకు వేలు. ఇద్దరికీ లాభమైన మాట ఒక్కటే ఉంది, అదీ చిన్నమాటే.

ఆ చిన్నమాట ఆయన నోట రాలేదు. లేచి, "రాండి, ఒకటి చూపిస్త," అని 51873 దగ్గరికి నడిచాడు. ఎందుకు చూపిస్తున్నాడో ఆయనకే తెలియదు.

"ఈ అతుకు చూడుండ్రి. రెండు పెద్ద రివిట్లు, రెండు చిన్నయి. ఇది మన దిక్కు పని కాదు. మనోళ్లు లోపలి నుంచి కొడ్తరు, ఇది బయటి నుంచి కొట్టిండ్రు. ఈ తలుపుకు గొళ్లెం లేదు, ఈ కడ్డీ చూడుండ్రి, గొడుగు కామ లెక్క. ఇది ఏడ దొరికి ఉంటది వానికి?"

నిర్మలాదేవి వంగి చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. బొగ్గు అంటుతుందని చూసుకోకుండా అతుకు మీద వేలు పెట్టింది. "ఇక్కడ ఇంకో నంబరు కొట్టేసినట్టుంది చూశారా? దీనికి ముందు ఇంకో పేరుందన్నమాట!" అంది. ఎల్లస్వామి వంగి చూశాడు. నిజమే, మూడు రోజులుగా తిరుగుతున్నా అది తన కంట పడలేదు. ఇద్దరూ డబ్బా చుట్టూ తిరిగారు. ఆమె అడిగింది, ఆయన చెప్పాడు. ఆయనకు తెలియనిచోట ఇద్దరూ ఊహించారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. భద్రు నీడలో కూర్చుని, రోగి తినడని తేలిపోయింది కదా అని, బత్తాయిలు ఒలుచుకుని తింటున్నాడు.

"దీన్ని ఎప్పుడు బాగుచేస్తారు?"

"చెయ్యరమ్మా. సోమవారం గ్యాసు పెట్టి కోస్తరు."

"కోసేస్తారా? మరి మీరు దీన్ని చేయకపోతే ఎట్లా!"

మాట అనేశాక ఆమెకు తెలిసింది ఏమన్నదో. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తన బీరువాలోని వేల రూపాయలను తన నోటితోనే నేల మీద పోసుకుంది. ఎల్లస్వామి ఆమె వంక చూశాడు, ఆమె ఆయన వంక చూసింది, తరువాత ఇద్దరికీ నవ్వొచ్చింది. మొదట ఆమె నవ్వింది.

"ఇందాక మీరు మంచం మీద లేనందుకు నాకు దిగులేసింది. నా బుద్ధికి నాకే సిగ్గుగా ఉంది," అంది సూటిగా. తరువాత బట్టసంచిలోంచి బొమ్మను మళ్లీ తీసి ఇచ్చింది. "బఫరు బిగించండి."

ఎల్లస్వామి తీగ చుట్టి, కొస వంచి, పళ్లతో తెంపి, అయిదు నిమిషాల్లో బిగించాడు. బాగైన డబ్బా మీద సిక్ అని ఉంచరు, తుడిచేస్తారు. యార్డు ఆనవాయితీ. అలవాటుగా బొటనవేలు తడి చేసుకున్నాడు.

"అది మాత్రం ఉండనివ్వండి," అంది ఆమె. "దాని కోసమే ఏడ్చాను."

*

సోమమ్మతో ఎలా చెప్పాలా అని ఎల్లస్వామి దారి పొడుగునా ఆలోచించాడు. చివరికి మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పేశాడు. పద్నాలుగు వందల దగ్గర ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నెల నెలా మూడొందలు పోతాయన్న దగ్గర ముఖం మాడ్చుకుంది. "తెలివి తక్కువోడా, కుట్టుమిషన్ పోగొట్టినవు గద" అనబోతూ ఆగింది.

"ఏందీ? నువ్వు సావుబతుకుల్ల ఉన్నవని చెప్పిండా?"

"అవ్."

"ఎన్నేండ్ల సంది?"

"రెండేండ్ల సంది."

సోమమ్మ చెయ్యి మెడలోకి పోయింది. పుస్తెలను గట్టిగా పట్టుకుంది. "వాని నోట్ల మన్ను వొయ్య! నా పుస్తెల తోటి యాపారం జేసిండా? నేను ఈడ మొగనికి అన్నం గట్టి పంపుతుంటె, వాడు ఆడ ముండమోయించి అమ్ముకుంటున్నడా?" అని, బిందె బోర్లించి దాని మీదికెక్కి, సజ్జ మీది గోనెసంచిని కిందికి లాగింది. మూతి విప్పే ఓపిక లేక కత్తితో కోసింది. ఉలి, బాడిసె గణగణా నేలమీద పడ్డాయి. "చెయ్యి. ఇప్పుడే చెయ్యి. లైటు నేను పట్టుకుంట," అంది.

శనివారం సాయంత్రానికి 51873 గోడలు లేచాయి. ఆదివారం సెలవు, పొద్దుటి నుంచి అరుగు మీదే కూర్చున్నాడు. చిన్న రివిట్లకు గుండుసూదులు, పెద్దవాటికి టిచ్ బటన్లు. పాత నంబరు కొట్టేసిన చోట ఆకురాయితో ఒక్క గీత గీసి, దాని మీద రంగు పల్చగా వేశాడు. పదింటి బండి వచ్చిన చప్పుడైన పావుగంటకు రామ్‌చందర్ సేటు చెమటలు కక్కుకుంటూ అరుగు ముందు నిలబడ్డాడు. నిర్మలాదేవి శనివారమే ఆయన దుకాణానికి పోయి, నలుగురు కొనేవాళ్ల ముందు నాలుగు మాటలు అడిగిందట.

"కొంప ముంచినవు గదయ్యా!" అన్నాడు సేటు. "రెండేండ్లు ఆగితే ఒక్కోటి మూడువేలు పలికేది. నీకెంత నష్టమో తెలుసా?"

సోమమ్మ లోపలి నుంచి వచ్చి మూడు నోట్లు ఆయన కాళ్ల దగ్గర అరుగు మీద పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా గుమ్మంలో నిలబడింది. ఆమె మాట్లాడకపోవడం చూసి సేటు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఎల్లస్వామి కుంచె దింపలేదు. 'సిక్'లోని ఆఖరి అక్షరం కాళ్లు విడదీస్తున్నాడు. సేటు వద్దనుకుంటూనే వంగాడు. కంటిని ఎంత ఆపుకున్నా ఆగలేదు. గొడుగు కామ కడ్డీని చూశాడు, అతుకును చూశాడు. ఆయన వ్యాపారం ఎలాంటిదైనా, కన్ను మాత్రం మంచిది.

"ఇది మేడంకు," అన్నాడు ఎల్లస్వామి. "నీకు కావాల్నంటే వచ్చే నెల ఇంకోటి చేస్త."

"ఎవడు కొంటడయ్యా ఇగ? నువ్వు గుండురాయి లెక్క ఉన్నవని సికింద్రాబాదంత తెలిసిపాయె."

"తెలిస్తే తెలువనియ్యి. బతికున్నోని రేటు ఎంతనో చెప్పు సేటూ."

సేటు తుండుతో మెడ తుడుచుకుని ఆలోచించాడు. "పదిహేను. పాత రేటే."

ఎల్లస్వామి తల ఊపబోయాడు. చేసుకోనిస్తే చాలు, పదిహేనైనా ఆయనకు సమ్మతమే.

"నూరు," అంది సోమమ్మ గుమ్మంలోంచి.

"నూరా? ఎందుకమ్మా నూరు? నిన్న మొన్నటి దాంక పదిహేనుకు, యాభైకి ఇచ్చింది మీరే గద!"

"సచ్చినోడైతే నువ్వు ఎంతకమ్ముకున్న నేనడగ," అంది సోమమ్మ. "ఈయన బతికున్నడు. రెండు పూటల తింటడు."